నల్ల డ్రమ్ములు తోమించిన దసరా

దూదిని కరిగించి చేసే విస్కోసు పాకం ఎంత చిక్కగా ఉందో రెండు వేళ్ళ మధ్య రుద్ది చెప్పగలిగినవాణ్ణి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళకీ కలిపి నేనొక్కణ్ణే. ఈ మాట చాలాచోట్ల చెప్పాను. మొన్న బాపట్లలో ఇంజనీరింగు చదివే పిల్లలు పిలిచి శాలువా కప్పితే అక్కడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. తిరిగొస్తూ బస్సులో కూర్చున్నాక ఆ చప్పట్లు గుచ్చుకోవడం మొదలుపెట్టాయి.

నిజం ఏంటంటే, ఆ మూడూళ్ళలో విస్కోసు పాకం దొరికే చోటు మా ఫ్యాక్టరీ ఒక్కటే. పోటీకి వచ్చేవాడే లేడు. పైగా అందులో కాస్టిక్ సోడా ఉంటుంది, రుద్దితే వేలి తోలు ఊడుతుంది. నేను రుద్దింది ఒకే ఒక్కసారి. ఆ తర్వాత బుద్ధిగా అందరిలాగే పొడుగాటి గాజు గొట్టంలో పాకం పోసి, ఉక్కు గోళీ ఒకటి జారవిడిచి, అది అడుక్కి చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి చెప్పేవాణ్ణి.

గోళీ సంగతి చిన్నదే. ఆ పిల్లలకు నేను ఇంకో కథ కూడా చెప్పాను. ఒక మనిషి ఉద్యోగం పోబోతుంటే నా రసాయన శాస్త్రంతో అడ్డుపడి కాపాడానని. పదవీ విరమణ సభలో కూడా అదే చెప్పాను. ఈసారి సరిచేసి చెబుతాను. మీరూ ఆ బాపట్ల పిల్లల్లాగే చదువుకునేవాళ్ళు, రేపు ఏదో ఒక ఫ్యాక్టరీలో చేరతారు కదా, వినండి.

తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో, వేమూరు దాటాక, కాలువ పక్కన ఉండేది మా కర్మాగారం. కర్మాగారం అంటే రెండు రేకుల షెడ్లు, ఒక బాయిలరు, ఒక పొగగొట్టం. పక్కనున్న రైసుమిల్లు గొట్టం మాదానికంటే రెండు బారలు ఎత్తు. అగరొత్తుల డబ్బా మీదా, మిఠాయి పొట్లాల మీదా గలగలమంటూ మెరిసే పల్చటి కాగితం చూశారా, అది చేసేవాళ్ళం. చూడ్డానికి ప్లాస్టిక్కులా ఉంటుంది గానీ అది దూది. మట్టిలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్కు మీద ఆంక్షలు వచ్చాక దానికి మళ్ళీ గిరాకీ పుట్టింది. అంతకుముందు నేను పరాయి రాష్ట్రాల రేయాన్ మిల్లుల్లో చేసి చేసి, చివరి పదేళ్ళూ సొంత గడ్డ మీద గడుపుదామని ఇక్కడ చేరాను.

దూది అలా గాజులా ఎలా మారుతుందో నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. పత్తి వలిచాక గింజకు నూగు అంటుకుని ఉంటుంది. అది నూనె మిల్లుల దగ్గర దొరుకుతుంది. దాన్ని శుభ్రం చేసి, కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, పిండి, కొబ్బరి కోరులా పొడిగా చీలుస్తాం. ఆ కోరును ఉక్కు డ్రమ్ముల్లో వేసి మూత పెట్టి చల్లటి గదిలో ఉంచుతాం. నూగులోని సెల్యులోజు అంటే పొడుగాటి గొలుసు. డ్రమ్ములో ఉన్నంతసేపూ గాలి తగిలి ఆ గొలుసు నెమ్మదిగా తెగుతుంది. మరీ పొడుగ్గా ఉంటే పాకం జారదు, మరీ పొట్టిదైపోతే కాగితంలో బలం ఉండదు. సరైన గంటకు డ్రమ్ము తీసి, మరో రసాయనం కలిపితే కోరు నారింజ రంగుకు తిరుగుతుంది. పల్చటి కాస్టిక్‌లో కరిగిస్తే తేనెలాంటి పాకం అవుతుంది. దాన్ని సన్నటి చీలికలోంచి ఆసిడ్ తొట్టిలోకి వదిలితే కాగితమై గట్టిపడుతుంది, సూది బెజ్జాల్లోంచి వదిలితే పట్టులాంటి దారమవుతుంది. మాకు దారం లేదు, కాగితం ఒక్కటే.

డ్రమ్ములుండే చల్లటి గదిని ఇంగ్లీషులో ఏదో అంటారు. మా వాళ్ళు మామిడికాయలు మాగబెట్టినట్టుందని 'మాగుడు గది' అన్నారు. అదే నిలిచిపోయింది.

ఆ మాగుడు గది బాధ్యత బాబాయిది. వయసులో నాకంటే ఏడాది రెండేళ్ళు పెద్దేమో, అంతే. అయినా ఫ్యాక్టరీ మొత్తానికీ బాబాయే. ఊరు పిట్టలవానిపాలెం. రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాడు. పూర్వం సముద్రం ఒడ్డున చేపలకు ఐసు చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు కాబట్టి చల్లదనం ఆయనకు ఒంటికి తెలుసు. గదిలోకి అడుగుపెట్టి, "ఒక డిగ్రీ ఎక్కువుందండి" అనేవాడు. థర్మామీటరు చూస్తే అంతే ఉండేది. ఈ ఒక్క విషయంలో నేనేమీ పెంచి చెప్పడం లేదు.

ఇంకో మనిషి, అందరూ అక్క అని పిలిచే ఆవిడ. పాకం వడగట్టే గుడ్డలు ఉతికే పని ఆమెది. ఆమె చేతి కింద ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. వేమూరు పక్క ఊరు. నోరు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది.

ఆ ఏడాది దసరాకి యజమాని కుటుంబంతో సహా ఆయుధపూజకు వస్తారనీ, ఫొటోలు తీసి క్యాలెండరు వేస్తారనీ తెలిసింది. మిషన్లన్నీ మూడు రోజులు ఆపారు. బాబాయి సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉన్నాడు. నేను ఖాళీ డ్రమ్ములున్న గదిలోకి వెళ్ళి చూశాను. ఒక పాత రేయాన్ మిల్లు మూతపడితే వేలంలో కొన్న డ్రమ్ములవి. లోపలంతా నల్లగా, కాకి రెక్కలా ఉన్నాయి. క్యాలెండరులో ఆ నలుపు పక్కన నా తెల్ల కోటు ఎట్లా ఉంటుందో ఊహించుకున్నాను. నచ్చలేదు.

అక్కను పిలిచాను. "అక్కా, ఈ డ్రమ్ములు లోపలా బయటా తోమించాలి. వంగితే మొహం కనపడాలి."

అక్క డ్రమ్ములోకి తలపెట్టి చూసి, వేలితో గీకి, వేలు వాసన చూసింది. "బయటయితే తోముతాం సార్. లోపల ఎందుకండి?"

"మురికి అక్కా."

"మురికి కాదండి అది. అట్ల పెనానికి ఉంటదే, అట్టాంటిది. పెనాన్ని ఎవరన్నా తోముతారా? తోమితే అట్టు లేస్తదా?"

"నేను చదివింది కెమిస్ట్రీ అక్కా, అట్లు కాదు."

"చదివినోళ్ళింట్లో అట్లు ఎవరు పోస్తారో ఆవిణ్ణి ఒకసారి అడిగి రండి సార్. రేపు తోముతాం."

ఆడవాళ్ళు ముగ్గురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు పౌరుషం వచ్చింది. రేపు కాదు, ఇప్పుడే అన్నాను. తోమడానికి ఏమిటంటే, మన ఇళ్ళలో ఇత్తడి బిందెలు దేనితో తోముతారో దానితోనే. క్యాంటీన్‌కి చీటీ రాసి రెండు కిలోల చింతపండు తెప్పించాను. బాయిలరు మరమ్మతుకు తెచ్చిన ఇటుకలు నలగ్గొట్టించి పొడి చేయించాను. సాయంత్రానికి డ్రమ్ములు ఇత్తడి బిందెల్ని మించిపోయాయి. ఒకదాంట్లోకి వంగాను. నా మొహం కనపడింది.

క్యాలెండరు బాగా వచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

పండగ అయ్యాక బాబాయి వచ్చి గది గుమ్మంలో నిలబడిపోయాడు. "డ్రమ్ములకి గుండు కొట్టించారేంటండి? తిరపతి మొక్కేమన్నా ఉందా?" అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

రెండో రోజు నుంచి కాగితం తెగడం మొదలైంది. ఆసిడ్ తొట్టిలోంచి పైకి లేస్తూనే తడి గుడ్డ పీలికలా చిరిగిపోయేది. గొట్టంలో గోళీ నెమ్మదిగా దిగాల్సింది, బావిలో రాయిలా దిగిపోయింది. పాకం పల్చబడిపోయింది.

మేనేజరు బాపట్ల ఆయన. లెక్కగా మాట్లాడే మనిషి. నన్ను పిలిచి, "ఏంటండి కారణం?" అన్నాడు.

"కోరు ఎక్కువ మాగిందండి," అన్నాను. అది నిజమే. గొలుసులు మరీ పొట్టిగా తెగిపోయాయి.

"ఎక్కువ మాగడం అంటే?"

"గది వేడెక్కి ఉండాలి. లేకపోతే డ్రమ్ములు తియ్యాల్సిన వేళకి తియ్యలేదు."

అంతే అన్నాను. ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ మాట వెళ్ళి ఎవరి మెడకు చుట్టుకుంటుందో నాకు తెలుసు. ఆ గదిలో ఉండేది ఒక్క మనిషే. సాయంత్రానికల్లా బాబాయి డ్యూటీలో కునుకు తీశాడని ఫ్యాక్టరీ అంతా అనుకుంది. మేనేజరు ఆయన్ని నాలుగు రోజులు ఇంటికి పొమ్మన్నాడు. శుక్రవారం వచ్చి 'నేను పనివేళలో నిద్రపోయినందువల్ల ఈ నష్టం జరిగినది' అని ఉన్న కాగితం మీద సంతకం పెడితే, నూగు బేళ్ళు దించే యార్డులో ఉంచుతారట. పెట్టకపోతే ఇక రానక్కర్లేదట. రిటైరవడానికి ఆయనకి ఇంకా ఏడాది ఉంది.

బాబాయి ఇంటికి వెళ్ళిన మర్నాటినుంచి వేరే మనిషి గది చూశాడు. వేళ తప్పలేదు, వేడి పెరగలేదు. అయినా కాగితం తెగుతూనే ఉంది. మేనేజరు, ఇది ఆ పాత కోరు తాలూకు పాకమే అయ్యుంటుందన్నాడు. నేను అవునన్నాను. కానీ అనుమానం పురుగు తొలుస్తోంది. బుధవారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, బాగా కడిగిన ఒక డ్రమ్ము అడుగున నీళ్ళు తిప్పి, ఒక పరీక్ష గొట్టంలోకి తీసుకున్నాను. కాస్త ఆసిడ్ వేసి, ఇనుమును పట్టించే మందు నాలుగు చుక్కలు వేశాను.

ఎర్రబడింది. కొద్దిగా కాదు, చిక్కటి నెత్తురు రంగు.

కాస్టిక్‌లో నానిన కోరుకు ఇనుము తగిలితే గొలుసులు త్వరత్వరగా తెగుతాయి. ఇది పుస్తకాల్లో ఉన్నదే, నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఆ డ్రమ్ముల్లోని నలుపు ఏళ్ళ తరబడి కాస్టిక్ తగిలి కట్టిన పొర. ఉక్కుకీ కోరుకీ మధ్య గోడ అది. నేను చింతపండు పులుపుతో ఆ గోడ ఊడగొట్టించి, చాలదన్నట్టు అతుకుల సందుల్లో ఎర్ర ఇటుక పొడి కూరించాను. ఇటుక ఎరుపంతా ఇనుమే.

గొట్టాన్ని సింకులో ఒంపేశాను. తలెత్తితే గుమ్మంలో గుడ్డల మూటతో అక్క.

"ఏంటి సార్ ఆ ఎరుపు?"

"ఏం లేదక్కా. గాజు సామాను కడుగుతున్నా."

"రెండో డ్రమ్ములోంచి నీళ్ళు తీశారుగా. చూశాలెండి." మూట కింద పెట్టింది. "తోమిన చేతులు మావి, తోమమన్న నోరు మీది. మధ్యలో బాబాయేం చేశాడండి?"

"చూద్దాంలే అక్కా."

"ఎప్పుడు చూద్దామండి? ఎల్లుండే శుక్రవారం."

ఇప్పుడు ఆ శుక్రవారం సంగతి. ముందు నేను సభల్లో చెప్పే పద్ధతిలో చెబుతాను.

బాబాయి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు నేను తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాను. "ఆపండి! ఆ సంతకం పడితే శాస్త్రానికి అన్యాయం జరుగుతుంది!" అన్నాను. గొట్టంలో నాలుగు చుక్కలు వేసి ఎరుపు చూపించాను. మేనేజరు లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. బాబాయి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

ఇక జరిగింది.

నేను తలుపు తోసుకుని రాలేదు. మొదటినుంచీ ఆ గదిలోనే, మేనేజరు పక్కన కుర్చీలో ఉన్నాను, సాక్షి సంతకం చేయడానికి. బాబాయి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కాగితం రెండుసార్లు చదివాడు.

"నిద్రపోయినందువల్ల అన్న ముక్క తీసేస్తే కుదరదాండి?" అని అడిగాడు.

"అదే కదయ్యా అసలు ముక్క," అన్నాడు మేనేజరు.

"యార్డులో బేళ్ళు దించమంటే దించుతానండి. కానీ నేను నిద్రపోలేదు. మా ఊళ్ళో అప్పుడే టీకొట్టు కాడ అంటన్నారు, వీడు ఏసీ గదిలో పడుకుని ఫ్యాక్టరీ ముంచాడని."

మేనేజరు పెన్ను ముందుకు జరిపాడు. బాబాయి నా వైపు చూశాడు. నేను బల్ల మీదున్న పేపర్‌వెయిట్‌ను చూశాను. దాంట్లో నీలం పువ్వు ఉండేది. ఆ పువ్వుకి ఎన్ని రేకులో ఇవాళ అడిగినా చెప్పగలను. బాబాయి పెన్ను మూత తీశాడు.

తలుపు తోసుకుని వచ్చింది అక్క. చేతిలో టిఫిన్ డబ్బా. మేనేజరు బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల నీళ్ళు.

"ఏంటమ్మా ఇది? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"రెండో డ్రమ్ములో నీళ్ళండి. ఈ సారు దగ్గర ఎర్రబడే మందుంది. దీంట్లో పొయ్యమనండి."

మేనేజరు నా వైపు తిరిగాడు. నేను లేచి పక్క గదిలోంచి సీసాలు తెచ్చాను. అక్క అన్నం తెచ్చుకునే డబ్బాలో నాలుగు చుక్కలు వేశాను. ఎర్రబడింది. ఇనుమనీ, ఇటుక పొడి అనీ, పొర ఊడిపోయిందనీ నేల చూపులు చూస్తూ చెప్పాను. మేనేజరు అంతా విన్నాడు.

"అయితే డ్రమ్ములు తోమడం వల్ల వచ్చింది."

"అవునండి."

"ఎవరు తోమమన్నారు?"

అక్క నోరు ఎంత గట్టిదో చెప్పాను కదా. ఆ క్షణంలో ఆమె నోరు మెదపలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చెప్పాలనుకుంటే ఒక్క మాటలో చెప్పెయ్యగలదు. ఆ ఒక్కటీ నాకు వదిలిపెట్టింది.

మేనేజరు రెండోసారి అడిగాడు. మూడోసారి అడిగాడు.

"నేనే," అన్నాను.

ఆ శుక్రవారం జరిగినదంతటిలో నా సొంతం ఆ రెండక్షరాలే. అవి కూడా మూడోసారికి వచ్చాయి.

మేనేజరు సొరుగు లాగి ఒక చీటీ బయటికి తీశాడు. "కెమిస్టు గారూ, దసరా ముందు మీ సంతకంతో రెండు కిలోల చింతపండు క్యాంటీన్ నుంచి వెళ్ళింది. ల్యాబులో పులిహోర కలుపుతున్నారేమో అనుకున్నాను. ఇప్పుడర్థమైంది." నాకు మెమో ఇచ్చారు. బాబాయి సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మేనేజరు చించేశాడు. డ్రమ్ముల్లో వేడి కాస్టిక్ పోసి, రోజుల తరబడి మరిగించి, పారబోసి, మళ్ళీ పోసి, ఆ నలుపును తిరిగి పుట్టించడానికి చాలా పాట్లు పడ్డాం. ఎరుపు పోయేదాకా ఏ డ్రమ్ములోనూ కోరు వెయ్యొద్దని మేనేజరు అన్నాడు. ఎర్రబడిందో లేదో చూసే పని అక్కకు అప్పజెప్పాడు, నాకు కాదు.

బాబాయి కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. బయటికి వచ్చాక నేను వెనకాలే వెళ్ళి, "బాబాయ్, ఏమనుకోకు," అన్నాను.

ఆయన కాలువ వైపు చూస్తూ అడిగాడు. "ఆదివారం ఖాళీయేనాండి?"

"ఖాళీయే. ఏం?"

"మా ఊరు రండి."

ఆదివారం పొద్దున తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగి, పిట్టలవానిపాలెం బస్సు పట్టుకున్నాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. భోజనానికి పిలిచాడేమో అని కూడా ఒక మూల అనుకున్నాను, దాచడం ఎందుకు. బస్సు దిగేసరికి బాబాయి నిలబడి ఉన్నాడు. ఇంటివైపు తీసుకెళ్ళలేదు, టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. బెంచీ మీద నలుగురైదుగురు ఉన్నారు. పొలాల నుంచి వచ్చినవాళ్ళు, కాళ్ళకి ఇంకా బురద ఉంది.

"ఈయన మా కెమిస్టు గారు," అన్నాడు వాళ్ళతో. నా వైపు తిరిగి, "చెప్పండి సార్," అన్నాడు.

గొంతు సవరించుకున్నాను. సెల్యులోజు అనేది ఒక గొలుసు అని మొదలుపెట్టాను. నూగు దగ్గర్నుంచి కాస్టిక్‌కి వచ్చాను. ఉక్కు మీద పొర ఎట్లా కడుతుందో చెబుతున్నాను, నాకే బాగుంది.

"మాస్టారా అండి ఈయన?" అని ఒకాయన పక్కవాణ్ణి అడిగాడు.

బాబాయి చెయ్యెత్తాడు. "అంత వద్దు సార్. నేను నిద్రపోయానో లేదో చెప్పండి. చాలు."

"పోలేదు."

"గట్టిగా చెప్పండి. ట్రాక్టరు చప్పుడు."

"ఆయన నిద్రపోలేదు. తప్పు నాది."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే టీకొట్టు అతను మంట తగ్గించాడు. బెంచీ చివరున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "మరి నాలుగు రోజులు ఈయన ఇంటికాడ ఎందుకు కూకున్నాడు?"

"నేను నోరు తెరవలేదు. అందుకు," అన్నాను.

ఇంకేదైనా చెబుతానేమోనని వాళ్ళు ఆగారు. నేనూ ఆగాను. నా జీవితంలో ఒక మాట చెప్పి దాని వెనక ఇంకో మాట చేర్చనిది అప్పుడే అనుకుంటాను. ట్రాక్టరు వెళ్ళిపోయింది. ముసలాయన తలాడించి బీడీ ముట్టించుకున్నాడు. బాబాయి, "రెండు టీలియ్యి," అని కేకేసి బెంచీ మీద కూర్చున్నాడు.

నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి ఆయన నా వైపు చూడకుండానే కొంచెం పక్కకు జరిగాడు.

కూర్చున్నాను.